లెక్క కొంచెం మారిస్తే ఆగిపోయే పిల్లాడికి ఏం నేర్పాలి?

ప్రశ్న: నమస్తే మేడం. తిరుపతి కొర్లగుంటలో మా ఇంట్లోనే ట్యూషన్ చెబుతాను. బీఎస్సీ, బీఈడీ చేశాను. సాయంత్రం పద్నాలుగు మంది పిల్లలు వస్తారు. వాళ్లలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు చెప్పిన లెక్క చెప్పినట్టు తప్పు లేకుండా చేస్తాడు. అదే లెక్కను కాస్త అటూ ఇటూ మార్చి ఇస్తే పెన్ను పక్కన పెట్టి 'ఇది మాకు చెప్పలేదు మేడం' అంటాడు. వాళ్ల నాన్నకు బస్టాండు దగ్గర పండ్ల బండి ఉంది. శని, ఆదివారాల్లో వీడు కూడా బండి దగ్గర నిలబడతాడు. పిల్లల మెదడుకు పదును పెట్టే కోర్సు అని ఒక సంస్థ వాళ్లు ఇరవై రెండు వేలు కట్టమన్నారట. కట్టాలా వద్దా అని వాళ్ల నాన్న నన్ను అడుగుతున్నాడు. ఆ కరపత్రం జత చేస్తున్నాను. ఇంకో అమ్మాయి పదో తరగతి. ఆమెది వేరే బాధ: ఒకే లెక్కకు మూడు దారులు మొదలుపెట్టి ఏదీ పూర్తి చేయదు. ఇద్దరికీ ఒకే పాఠం చెప్పాలా, విడివిడిగా చెప్పాలా? విడిగా చెప్పాలంటే టైం ఎక్కడిది? పిల్లలకు లెర్నింగ్ స్టైల్ టెస్టు పెట్టి దాని ప్రకారం చెప్పాలని ఒక వీడియోలో చూశాను, నిజమేనా? చివరిగా ఇంకొకటి. మా నాన్నగారికి చిత్తూరులో బట్టల కొట్టు ఉంది. పంచెలు, చీరలు, జాకెట్ ముక్కలు తప్ప రెడీమేడ్ పెట్టనంటారు. ఏం చెప్పినా 'ముప్పై ఏండ్లుగా ఇట్లే చేస్తా ఉండాను' అంటారు. పెద్దవాళ్లకు కూడా వేరే రకంగా ఆలోచించడం నేర్పవచ్చా?
– ఒక ట్యూషన్ టీచర్, తిరుపతి

సమాధానం: అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. పండ్ల బండి మీద బతికే ఇంటికి ఇరవై రెండు వేలు చిన్న మాట కాదు. కట్టొద్దని వాళ్ల నాన్నకు ఈరోజే చెప్పండి.

కరపత్రం చదివాను. పిల్లల్లో 'నిద్రపోతున్న మిడ్‌బ్రెయిన్'ను లేపుతామని, కళ్లకు గంతలు కట్టినా చదివేలా చేస్తామని రాశారు. మిడ్‌బ్రెయిన్ అంటే మెదడు కాండం పైభాగంలో ఉండే చిన్న ముక్క. కళ్లు కదిలించడం, చప్పుడు వచ్చిన వైపు తల తిప్పడం లాంటి పనులు పుట్టినప్పటి నుంచే చేస్తుంటుంది. అందులో ఒకచోట ఉండే కణాలు దెబ్బతింటే పార్కిన్సన్స్ జబ్బు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో అది నిద్రపోతూ ఉండడమనేది లేదు. గంతల ప్రదర్శనలో ముక్కు పక్కనున్న సందులోంచి కింద అక్షరాలు కనిపిస్తాయి. ఆ సందు పూర్తిగా మూసేస్తే చదవడం ఆగిపోతుంది. హేతువాద సంఘాల వాళ్లు ఈ సంగతి బహిరంగంగానే చూపించారు. నాకు డబ్బు పోవడం కంటే ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. కనబడుతున్నా కనబడటం లేదని పిల్లలు తల్లిదండ్రుల ముందు నటిస్తారు, ఆ తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు. ఆ వయసులో నేర్చుకోకూడని పాఠం అది.

ఫోన్లో ఆడే బ్రెయిన్ గేములు ఇంత ఘోరం కాదు గానీ, వాటి మీదా ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలో లుమోసిటీ అనే యాప్ నడిపే కంపెనీ, తమ ఆటలు ఆడితే బడిలోనూ ఉద్యోగంలోనూ రాణిస్తారని ప్రకటనలు ఇచ్చింది. వాటికి తగిన ఆధారాలు లేవని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే 2016లో 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆటలు ఆడేవాళ్లు ఆ ఆటల్లో మెరుగవుతారు. ఆ మెరుగు లెక్కల నోట్‌బుక్ దాకా రావడం చాలా అరుదు.

అలా ఎందుకు రాదో అర్థమైతే మీ పెద్ద ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఆలోచనలో పట్టువిడుపులు ఒక మనిషికి అన్ని చోట్లా ఒకేలా ఉండవు. ఎక్కడ బాగా తెలుసో, ఎక్కడ భయం లేదో అక్కడ ఉంటాయి. మీ అబ్బాయినే చూడండి. ఒక ఆదివారం బండి దగ్గరకు వెళ్లి, దానిమ్మ కిలో 140 అయితే ముప్పావు కిలో తూయమనండి. పెన్ను అడగడు. అరకిలో 70, పావు 35, మొత్తం 105 అంటాడు. లేకపోతే 140లో పావు తీసేసి అదే 105కు వస్తాడు. రెండు కిలోలు తీసుకుంటా 260కి ఇస్తావా అని బేరమాడండి. కిలోకు ఎంత తగ్గిందో, కొన్న ధర పోగా ఇంకా ఎంత మిగులుతుందో మనసులోనే చూసుకుని జవాబు చెబుతాడు. అదే అబ్బాయికి సోమవారం నోట్‌బుక్‌లో '140లో 3/4 వంతు ఎంత?' అని రాసి ఇవ్వండి. దేన్ని గుణించాలి, దేన్ని భాగించాలి అని తడుముకునే అవకాశమే ఎక్కువ.

ఇది వీడొక్కడి సంగతి కాదు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో పండ్లు, కొబ్బరికాయలు అమ్మే పిల్లల లెక్కలను ముగ్గురు పరిశోధకులు పరిశీలించారు. ఆ పరిశోధన 1985లో అచ్చయింది. కొనేవాళ్లలా వెళ్లి, ఒక్కోటి 35 చొప్పున పది కొబ్బరికాయలు ఎంత అని అడిగితే, ఒక పిల్లాడు మూడు 105, ఇంకో మూడు కలిపితే 210 అనుకుంటూ 315 మీదుగా 350 దగ్గరకు వచ్చాడు. 35 పక్కన సున్నా పెట్టడం వాడికి తట్టలేదు, అయినా జవాబు సరిగ్గా వచ్చింది. వ్యాపారం మధ్యలో అడిగిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పిన ఆ పిల్లలే, అలాంటి లెక్కలు కాగితం మీద వట్టి అంకెలుగా ఇస్తే 37 శాతమే చేయగలిగారు. మన దేశంలో కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు చేసిన పరిశోధన 2025లో 'నేచర్' అనే సైన్స్ పత్రికలో వచ్చింది. అక్కడా ఇదే. బజారు లెక్కలు చకచకా చేసే పిల్లలు బడి లెక్కల దగ్గర ఆగిపోయారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు బజారు లెక్కల దగ్గర ఆగిపోయారు.

అంటే మీ అబ్బాయికి వేరే రకంగా ఆలోచించడం రాదని అనుకోనక్కర్లేదు. వచ్చు. అది బండి దగ్గరే ఉండిపోయింది. అక్కడి నుంచి నోట్‌బుక్‌లోకి తీసుకురావడం మీ పని. ఆ పని ఏ కోర్సు కంటే మీరే బాగా చేయగలరు, ఎందుకంటే వాడి బండి మీకు తెలుసు.

మరి నోట్‌బుక్ ముందు ఎందుకు బిగుసుకుపోతున్నాడు? దీనికి పాత ప్రయోగం ఒకటి ఉంది, మీరు కూడా కాగితం తీసుకుని చేయండి. 1942లో అబ్రహం లూచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించింది. మూడు పాత్రలున్నాయి: 21 లీటర్లది, 127 లీటర్లది, 3 లీటర్లది. సరిగ్గా 100 లీటర్లు కొలవాలి. పెద్దది నింపి, దాంట్లోంచి ఒకసారి 21, రెండుసార్లు 3 తీసేస్తే 100 మిగులుతుంది. ఇదే కిటుకుతో తెమిలే లెక్కలు వరసగా నాలుగైదు ఇచ్చాడాయన. ఆ తర్వాత 23, 49, 3 లీటర్ల పాత్రలిచ్చి 20 లీటర్లు కొలవమన్నాడు. కిటుకు అలవాటైనవాళ్లు 49లోంచి 23 తీసి, రెండుసార్లు 3 తీసి 20కి వచ్చారు. 23లోంచి 3 తీస్తే చాలన్నది ఎక్కువమందికి కనబడలేదు. ముందు లెక్కలేవీ చేయకుండా నేరుగా ఈ లెక్కకే వచ్చినవాళ్లకు అది ఇట్టే కనబడింది. తర్వాత 28, 76, 3 ఇచ్చి 25 అడిగాడు. ఇక్కడ పాత కిటుకు పనిచేయదు, 42 వస్తుంది. 28లోంచి 3 తీస్తే అయిపోయే ఈ లెక్క దగ్గర కూడా చాలామంది ఆగిపోయారు. వాళ్లలో కాలేజీ విద్యార్థులు కూడా ఉన్నారు.

ఇందులో మీ ట్యూషన్‌కు, నిజానికి మన ట్యూషన్లన్నిటికీ, పనికొచ్చే మాట ఉంది. ఒకే రకం లెక్కలు వరసగా ఇరవై చేయించడం వల్ల చేయి తిరుగుతుంది, దాంతోపాటే బండి చక్రం గాడిలో పడినట్టు ఆలోచన కూడా ఒక గాడిలో పడుతుంది. పిల్లాడిలో లోపం లేకపోయినా అభ్యాసమే ఆ గాడి తవ్వుతుంది. లూచిన్స్ ప్రయోగంలో కొంతమందితో, లెక్క చేసే ముందు 'గుడ్డిగా పోవద్దు' అని కాగితం మీద రాయించారు. ఆ ఒక్క మాటతో వాళ్లలో చాలామందికి దగ్గరి దారి కనబడింది. ఈ పాత్రల లెక్క మీ పిల్లలందరికీ ఒకరోజు సరదాగా ఇవ్వండి. ఎవరు ఎక్కడ ఆగారో చూడండి, ఆగినవాళ్లకు ఇది అందరికీ జరిగేదేనని చెప్పండి. ఆ మాట ఆ అబ్బాయికి చాలా అవసరం.

విడివిడిగా చెప్పాలా అన్నారు. చెప్పాలి, ఎందుకంటే ఆగిపోవడానికి కారణం అందరిలో ఒకటే ఉండదు. మార్చిన లెక్క ఇచ్చినప్పుడు వాడు 'చెప్పలేదు మేడం' అంటే వెంటనే దారి చూపించకండి. పక్కన కూర్చుని, 'సరే, నిన్న చెప్పిన లెక్కకీ దీనికీ ఏం తేడా కనిపిస్తా ఉంది?' అని అడిగి కాసేపు ఊరుకోండి. తేడాయే చెప్పలేకపోతే, మొదటి పద్ధతే వాడికి అంకెల వరస లాగా గుర్తుంది తప్ప అర్థం కాలేదు. తేడా చెప్పి 'అప్పుడేం చేయాలో తెలీదు' అంటే, వాడి చేతిలో ఒకటే దారి ఉంది, రెండోది మీరు ఇవ్వాలి. మూడో రకం జవాబు కూడా వస్తుంది, దాని కోసం చెవి పెట్టి ఉండండి: 'ఇట్ల చేయొచ్చేమో మేడం, కానీ మా సార్ కొట్టేస్తాడు.' అలా అన్నాడంటే దారి తెలిసీ భయపడి ఆగుతున్నాడు. ఆ పిల్లాడికి ఎన్ని కొత్త పద్ధతులు నేర్పినా వాటిని బయటికి తీయడు.

ముగ్గురికీ మూడు రకాలుగా చెప్పాలి. మొదటి రకానికి రెండో దారి చూపిస్తే ఉన్నదీ పోతుంది. దీని మీద మంచి పరిశోధన ఉంది. బెథనీ రిటిల్-జాన్సన్, జాన్ స్టార్ అనే ఇద్దరు 2007లో ఏడో తరగతి పిల్లలతో సమీకరణాలు చేయించారు. కొందరికి ఒకే లెక్కకు రెండు పద్ధతులు ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి, రెండింటినీ పోల్చి మాట్లాడుకోమన్నారు. మిగతావాళ్లకు అవే పద్ధతులు ఒక్కోటి ఒక్కో పేజీలో ఇచ్చారు. పక్కపక్కన చూసినవాళ్లు కొత్త లెక్కలు బాగా చేశారు, లెక్కను బట్టి పద్ధతి మార్చుకోవడంలోనూ ముందున్నారు. అయితే రెండేళ్ల తర్వాత వాళ్లే ఇంకో పరిశోధనలో చూస్తే, అసలు ఒక్క పద్ధతీ తెలియని పిల్లలకు ఈ పోలిక వల్ల మేలు జరగలేదు. వాళ్లకు ఒకటి తర్వాత ఒకటి చెప్పడమే నయమని తేలింది. కాబట్టి మొదటి రకం పిల్లలకు ముందు ఒక పద్ధతి కుదిరేదాకా ఆగండి. 'ఈ స్టెప్పు ఎందుకు?' అని ప్రతి లైనుకూ నోటితో చెప్పించండి.

మీ అబ్బాయి రెండో రకం అని నా అనుమానం, మూడోది కూడా కొంచెం కలిసి ఉండొచ్చు. వాడికి పేజీ మధ్యలో నిలువు గీత గీయండి. పైన 3(ఎక్స్ + 1) = 15 అని రాయండి. ఎడమ పక్క బడిలో చెప్పినట్టు: బ్రాకెట్ విప్పితే 3ఎక్స్ + 3 = 15, 3ఎక్స్ = 12, ఎక్స్ = 4. కుడి పక్క: రెండు వైపులా 3తో భాగిస్తే ఎక్స్ + 1 = 5, ఎక్స్ = 4. ఇప్పుడు వాడిని అడగాల్సింది, 'రెండూ ఒకటే జవాబు ఎందుకు వచ్చాయి? నీకైతే ఇక్కడ ఏది తేలిక?' అది మాట్లాడాక 15 కొట్టేసి 16 పెట్టండి. కుడి పక్క దారిలో మొదటి అడుగులోనే భిన్నం వస్తుంది, ఎడమ దారి కాస్త నున్నగా పోతుంది. ఆ తర్వాత 3(ఎక్స్ + 1) + 2(ఎక్స్ + 1) = 20 ఇవ్వండి. రెండు బ్రాకెట్లూ విప్పి చేసుకోనివ్వండి, అడ్డం పడొద్దు. అయిపోయాక, 'దానిమ్మ మూడు పెట్టెలు, ఇంకో రెండు పెట్టెలు, అన్నీ కలిపి 20 వందలు. పెట్టె ఎంత?' అని అడగండి. పెట్టె నాలుగు వందలని వాడే చెబుతాడు. బ్రాకెట్‌ను పెట్టెలా మూసి ఉంచి లెక్కబెట్టొచ్చని ఆ నిమిషంలో వాడికి తట్టే అవకాశం ఉంది. ఆ క్షణంలో మీరేమీ మాట్లాడకండి, వాడినే చెప్పనివ్వండి.

భయం సంగతి వేరు. దానికి నిజాయతీగా ఒక ఒప్పందం చేసుకోండి. 'బడి నోట్‌బుక్‌లో మీ సార్ చెప్పినట్టే రాయి. మన దగ్గర మాత్రం ప్రతి లెక్కకూ కుడి పక్కన ఇంకో దారి రాయాలి, తప్పైనా సరే.' ఆ కుడి వరసను ఎర్ర పెన్నుతో దిద్దొద్దు. మార్కులూ వేయొద్దు. బడిలో ఆ సార్‌ను తప్పుపట్టేలా పిల్లాడి ముందు ఒక్క మాట కూడా అనొద్దు, వాడు రేపు అక్కడే కూర్చోవాలి.

ఇంటి అభ్యాసానికి లెక్కలను కలిపేయండి. ఒకే అధ్యాయం నుంచి పది ఇచ్చే బదులు, ఈ వారం నాలుగు, పోయిన నెలవి మూడు, ఇంకా పాతవి మూడు తారుమారు చేసి ఇవ్వండి. అప్పుడు లెక్క చేయడంతోపాటు ఏ పద్ధతి వాడాలో ఎంచుకునే పని కూడా పిల్లలకు పడుతుంది. పట్టువిడుపులంటే ముఖ్యంగా ఆ ఎంపికే. ఒక్క హెచ్చరిక: మొదట్లో మార్కులు తగ్గుతాయి, తల్లిదండ్రులు అడుగుతారు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘన ఆకారాల ఘనపరిమాణం నేర్పారు. ఒకే రకం వరసగా చేసినవాళ్లు అభ్యాసంలో 89 శాతం సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే వరసగా చేసినవాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం వచ్చింది. ఈ అంకెలు తల్లిదండ్రులకు ముందే చెప్పి పెట్టుకోండి.

ఇక పదో తరగతి అమ్మాయి. ఆమెకు నిలువు గీత పేజీ అక్కర్లేదు, దారులు ఆమెకు ఇప్పటికే ఎక్కువ. తెలిసినవాళ్లకు స్టెప్పు స్టెప్పు విప్పి చూపిస్తే మేలు కంటే అడ్డమే ఎక్కువని జాన్ స్వెల్లర్, స్లావా కల్యూగా లాంటి పరిశోధకులు చాలాసార్లు చూపించారు. కొత్తవాళ్లకు ఊతమయ్యేదే వాళ్లకు అనవసరపు బరువవుతుంది. మీ ట్యూషన్‌లో ఒకే పాఠం ఇద్దరికీ సరిపోకపోవడానికి ఇది చాలు. ఆమె విషయంలో నేనైతే ముందు చేసే పని ఒకటే. మధ్యలో వదిలేసిన లెక్కలు ఏడెనిమిది ఏరి, ప్రతిదాంట్లోనూ ఏ లైను దగ్గర వదిలిందో చూడండి. ఎప్పుడూ మైనస్ గుర్తు బ్రాకెట్ దాటే చోటో, భిన్నం వచ్చిన చోటో ఆపుతుంటే, ఆమెకు కావలసింది ఆ ఒక్క మెట్టు దగ్గర సాయం. అక్కడ కాలు జారుతుందనే భయంతో కొత్త దారి వెతుక్కుంటోంది. పైకి చూస్తే అది తెలివి చురుకుగా ఉన్నట్టు, నిలకడ లేనట్టు కనిపిస్తుంది. వారం రోజులు భిన్నాలు చేయిస్తే సగం సర్దుకుంటుంది.

వదిలే చోటు ఒక్కోసారి ఒక్కోలా ఉంటే మాత్రం, మొదలుపెట్టే ముందు ఎంచుకోవడం నేర్పాలి. ఐదు లెక్కలిచ్చి ఒక్కటి కూడా చేయొద్దని చెప్పండి. ప్రతిదానికీ ఏ దారిలో పోతుందో, ఎందుకో ఒక్క లైను మాత్రం రాయాలి. తర్వాత వాటిలో రెండు పూర్తిగా చేయాలి, మొదలుపెట్టిన దారి మార్చాలంటే ఎందుకు మారుస్తోందో పక్కన రాసి మార్చాలి. కారణం రాయాల్సి వస్తే ఊరికే మార్చడం తగ్గుతుంది. నిజంగా మార్చాల్సిన చోట మాత్రం ధైర్యంగా మారుస్తుంది, మార్చనివ్వండి.

లెర్నింగ్ స్టైల్ టెస్టు వద్దు. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, ఎవరి స్టైల్లో వాళ్లకు చెప్పాలన్న మాటకు తగిన ఆధారం లేదని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి రాశారు. ఆ టెస్టుకు పట్టే గంట, 'తేడా ఏం కనిపిస్తా ఉంది' అన్న ప్రశ్నకు ఇవ్వండి.

టైం ఎక్కడిదంటారా? దానికి మనకు దగ్గర్లోనే ఒక దారి ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ విద్యాసంస్థ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపారు. ఒకే గది, ఒకే టీచరు, నాలుగైదు తరగతుల పిల్లలు కలిసి ఉంటారు. ఆ పరిస్థితికి తగ్గట్టు వాళ్లు పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక కార్డు తయారు చేశారు. గోడ మీద నిచ్చెన లాంటి పటం ఉంటుంది. తాను ఎక్కడున్నాడో పిల్లాడే చూసుకుని తన కార్డు తీసుకుంటాడు. కొన్ని కార్డులు టీచర్ దగ్గర చేయాలి, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా. ఒకరు రెండు రోజుల్లో దాటిన మెట్టు దగ్గర ఇంకొకరు వారం ఉండొచ్చు, దాన్ని ఎవరూ తప్పనరు. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో 'నలి-కలి' అనే బోధనా పద్ధతికి, తమిళనాడులో వచ్చిన కార్డుల పద్ధతికి ఇక్కడి పనే స్ఫూర్తి. మన ప్రాంతపు పల్లె బడి నుంచి అంత దూరం వెళ్లిన పని ఇది, మన టీచర్లకే సరిగ్గా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మీరు అంత పెద్ద ఏర్పాటు చేయనక్కర్లేదు. పాత పెళ్లి పత్రికల వెనక లెక్కలు రాసి మూడు కట్టలు పెట్టుకోండి: ఒంటరిగా చేసేవి, జంటగా మాట్లాడుకుని చేసేవి, మీ దగ్గరే చేయాల్సినవి. పన్నెండు మంది మొదటి రెండు కట్టల మీద ఉన్నప్పుడు మీరు మిగతా ఇద్దరితో చెరో పది నిమిషాలు కూర్చోవచ్చు. వారంలో అందరికీ వంతు వస్తుంది. ఒక చిన్న పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక పేజీ కేటాయించి, వాడు ఎక్కడ ఆగాడో వాడి మాటల్లోనే ఒక లైను రాసుకోండి. 'చెప్పలేదు మేడం' అన్న మాట 'ఇది దాని మాదిరి లేదు మేడం, బ్రాకెట్ బయట ప్లస్ ఉంది' అని మారిన రోజు, లెక్క తప్పుగా చేసినా సరే, వాడు కదిలాడని గుర్తుపెట్టుకోండి. ఆ జంట కార్డుల మీద పండ్ల బండి అబ్బాయిని, పదో తరగతి అమ్మాయిని అప్పుడప్పుడు కలిపి కూర్చోబెట్టొచ్చు. ఆమె దారులు వెతుకుతుంది, వాడు చివరిదాకా చేస్తాడు. తరగతి తేడా ఉంది కాబట్టి తేలిక లెక్కలే ఇవ్వండి, లేకపోతే ఆమె చెప్పడం, వాడు రాసుకోవడం దగ్గరే ఆగుతుంది.

మీ నాన్నగారి సంగతి. ఆయనకు పట్టువిడుపులు లేవని నేననుకోను. ముప్పై ఏళ్లలో ఆయన కొట్టులో ఎన్ని మారి ఉంటాయో ఒకరోజు తీరిగ్గా అడగండి. ఏ రకం చీరలు ఆపేశారు, ఏ ఊరి సరుకు మానేశారు, అప్పు పద్దులు ఎందుకు తగ్గించారు? అవన్నీ ఆయన చూసి, ఆలోచించి మార్చినవే. ఆ కబుర్లలోంచే రెడీమేడ్ మాట రావాలి. 'కొంచెం ఓపెన్‌గా ఆలోచించు నాన్నా' అనడం వల్ల ఏమీ జరగదు. 1984లో చార్లెస్ లార్డ్, మార్క్ లెపర్, ఎలిజబెత్ ప్రెస్టన్ ఈ విషయమే పరీక్షించారు. పక్షపాతం లేకుండా ఆలోచించండని చెబితే జనం అభిప్రాయాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇదే ఆధారం మీకు వ్యతిరేకంగా వచ్చి ఉంటే దాన్ని ఇలాగే చూసేవారా అని ఆలోచించమంటే మాత్రం తేడా వచ్చింది. మీరూ అలాగే అడగండి: 'రెడీమేడ్ పెట్టి నష్టపోతే దేనివల్ల పోతాం? లాభం వస్తే దేనివల్ల వస్తుంది? రెండూ మీరే చెప్పండి నాన్నా.' సైజులు మిగిలిపోతాయి, ఫ్యాషన్ మారిపోతుంది, వాపసు గొడవలుంటాయి అని ఆయన చెప్పేవి నిజమైన కారణాలే కావచ్చు. వాటిని మీరు కూడా మనసు పెట్టి వినాలి. ఆయన లాభం వైపు ఒక్క కారణం చెప్పినా, కొట్టు మొత్తం మార్చమనకుండా, పిల్లల బట్టలకు ఒక్క రాక్ అడగండి. దసరా దాకా అమ్ముడుపోనిది వెనక్కి తీసుకునే హోల్‌సేల్ వ్యాపారిని ముందే మాట్లాడి పెట్టుకుంటే, ఆయన చెప్పిన మిగులు సరుకు భయం చాలావరకు తీరుతుంది.